గాయముల లెక్క

హిందూపురము, పెనుగొండ, ధర్మవరము పట్టణములలో ఏ పాఠశాల ఆవరణమునకైనను సాయంకాలము పోయి చూడుడు. తెల్లని దుస్తులు ధరించి, నడుములకు పసుపు, ఆకుపచ్చ, నీలి పట్టీలు బిగించి బాలబాలికలు వరుసలుదీరి నిలిచియుందురు. గురువు ఒక్క మాట పలుకగనే ముప్పది గొంతులు ఒక్కటై బదులు పలుకును; ముప్పది పిడికిళ్ళు ఒక్కసారిగ ముందునకు దూకును. మగ్గము నేయువాని కుమారుడు, చింతపండు మండీలో మూటలు మోయువాని కుమార్తె, ఎఱ్ఱమంచి మోటారుకార్ల కర్మాగారమున పనిచేయువాని బిడ్డ, కచేరీ ఉద్యోగి బిడ్డ ఒక్క వరుసలో నిలిచి ఒక్క అడుగు వేయుదురు. కులగోత్రముల నడుగని విద్య యిది. కరాటే యనుడు, టైక్వాండో యనుడు, జూడో యనుడు, పేరేదైనను మన పిల్లల వెన్ను నిటారుగ నిలుపుచున్నది. మన బాలికల కంటిలోని బెదురును పోగొట్టుచున్నది. స్వరాజ్యోద్యమ కాలమున గ్రంథాలయమును వ్యాయామశాలయు ఊరికి రెండు కన్నులని పెద్దలు చెప్పుచుండిరి. ఆ రెండవ కన్ను మన ప్రాంతమున మఱల తెఱచుకొనుట చూచి మేము హృదయపూర్వకముగ సంతోషించుచున్నాము.

అయినను ఈ వారము మేము వ్రాయదలచినది పతకములను గూర్చి కాదు. పోటీ ముగిసిన మఱునాడు పత్రికలలో పట్టిక వచ్చును: ఇన్ని స్వర్ణములు, ఇన్ని రజతములు, ఇన్ని కాంస్యములు. పూలదండలతో ఛాయాచిత్రమును వచ్చును. ఆ పోటీలో ఎవని మోకాలు తిరిగినదో, ఏ బాలిక మణికట్టు విరిగినదో, తలకు తన్ను తగిలి ఇంటికి పోవు బస్సులో వాంతి చేసికొన్న పిల్లవాడెవడో ఆ పట్టికలో ఉండదు. శిక్షణశాలలో రుసుముల పుస్తకము కలదు, హాజరుపట్టిక కలదు, ఏ పట్టీ ఎవరికి ఎప్పుడిచ్చిరో వ్రాసిన చిట్టా కలదు. గాయముల పుస్తకము మాత్రము మాకెక్కడను కానరాలేదు. గడచిన సంవత్సరము ఈ మూడు పట్టణములలో ఎందఱు పిల్లలు గాయపడిరని అడిగినచో బదులు చెప్పగలవాడు లేడు. లెక్క లేని చోట రోగమున్నదో లేదో తెలియదు. తెలియనిదానికి మందు పుట్టదు. ఆ లెక్క వ్రాయుట ఆరంభింపవలెననుటయే నేటి మా ప్రార్థన.

పెనుగొండవారికి ఈ విషయమున ఒక పాతకథ జ్ఞాపకము చేయుదుము. 1565వ సంవత్సరపు యుద్ధములో విజయనగరము కూలిన పిమ్మట రాయల సింహాసనము పెనుగొండ దుర్గమునకు తరలివచ్చెను. అంతకు నలువదియేండ్లకు పైబడి పూర్వము, శ్రీకృష్ణదేవరాయల కాలమున, డొమింగో పేస్ అను పోర్చుగీసు యాత్రికుడు విజయనగరమున మహర్నవమి ఉత్సవములను కన్నులార చూచి వ్రాసియుంచెను. ఆ ఉత్సవములలోని మల్లయుద్ధమును వర్ణించుచు, గ్రుద్దులకు పండ్లు రాలుటయు, కన్నులు పోవుటయు, ముఖములు వికృతములగుటయు, మాట పడిపోయినవారిని మిత్రులు మోసికొనిపోవుటయు ఆయన దాచక చెప్పెను. వెంటనే మఱియొక సంగతియు చెప్పెను. ఆ మల్లులకు నాయకులును తీర్పరులును ఉండిరట. ఇరువురిని సరిసమానముగ నిలిపి పోరాడించుటయు, గెలిచినవానికి తగిన గౌరవమిప్పించుటయు వారి పని. అయిదువందల యేండ్ల క్రిందటి క్రూరమైన మల్లరంగమునందును సమానతను చూచు తీర్పరి యుండెనన్నమాట. గాయమును కన్నులార చూచి కాగితముపై పెట్టినవాడు ఒక పరదేశి యుండెనన్నమాట. నేటి మన పోటీలలో తీర్పరి కలడు; గాయమును కాగితముపై పెట్టువాడు లేడు.

బలవంతునకు గాయము లెక్క లేదను మాట మనవారి నోట తఱచుగ వినబడును. కోడి రామమూర్తినాయుడుగారిని మించిన బలవంతుని ఆంధ్రదేశము ఎఱుగదు. 1882లో వీరఘట్టమున పుట్టి, ఇనుపగొలుసులను తెంచి, ఏనుగును రొమ్ముపై నిలుపుకొని, సర్కస్ సంఘముతో దేశదేశములు తిరిగి కలియుగభీముడని కీర్తిగన్న మహావీరుడాయన. అట్టివానికే కాలికి లేచిన వ్రణము ముదిరి, తుదకు కాలు తీసివేయవలసి వచ్చెను. 1942లో ఆయన కన్నుమూసెను. ఆ వీరుని కండలకు మనము నమస్కరింతుము. ఆ కాలిని గూర్చి ఆలోచింపము. దేహము ఎంత దృఢమైనను మాంసము మాంసమే, ఎముక ఎముకయే. రామమూర్తిగారికే తప్పనిది పదేండ్ల బాలునికి తప్పునా?

ఇక ఈ విద్యలలో ఏ గాయములెట్లు కలుగునో తెలిసికొందము. జూడోలో పట్టుకొని పడవేయుట ప్రధానము. కావున భుజము స్థానము తప్పుట, మెడయెముక విఱుగుట, మోకాలి లోపలి నరపుబంధములు తెగుట అందు తఱచు. 1882లో టోక్యోనగరమున ఈ విద్యను నెలకొల్పిన జిగొరో కానో శిష్యపరంపరలో తొలిపాఠము పడవేయుట గాదు, పడుట. గడ్డము రొమ్మునకు అదిమి, తల నేలకు తగులకుండ, చేతితో నేలను చరచి పడుట నేర్చినవాడే తక్కిన పట్లకు అర్హుడు. టైక్వాండోలో కాలే ఆయుధము. పాదము, చీలమండ, మోకాలు, ఎదుటివాని తల అందు దెబ్బతినును. కరాటేలో ముక్కు, పెదవి, పండ్లు, వ్రేళ్ళ కణుపులు. కుస్తీలో మోకాలు, మెడ. చెవి నలిగి నెత్తురు గడ్డకట్టి శాశ్వతముగ వికారమగుటయు కలదు. శుభ్రము చేయని మ్యాట్లవలన తామర మొదలగు చర్మరోగములు ఒకరినుండి యొకరికి వ్యాపించును. బాలికలలో మోకాలి ముందటి బంధము తెగుట బాలురకంటె ఎక్కువయని క్రీడావైద్యులు చాలకాలముగ చెప్పుచున్నారు. పెరుగుచున్న పిల్లల ఎముకలకు చివరలయందు మెత్తని పెరుగుదల భాగము కలదు. అది దెబ్బతిన్నచో ఆ చేయి, ఆ కాలు వంకరపోవును, లేదా పొట్టియగును. పాఠశాల వార్షికోత్సవములలో చప్పట్లకొఱకు పసిపిల్లల చేత పెంకులు పగులగొట్టించుట, వారి చేతులమీదుగ మోటారుసైకిళ్ళు నడిపించుట ఏ విద్యలోనిదియు కాదు. అది గారడీ, అందు పగులునవి పెంకులు మాత్రమే కావు.

అన్ని గాయములకు మించినది తలదెబ్బ. చేయి విఱిగిన కన్నునకు కనబడును. మెదడు కదలిన కనబడదు. పుఱ్ఱెలో మెదడు పెరుగుపై తేలు మీగడవలె సుకుమారమైనది. దెబ్బకు తల ఒక్కసారిగ తిరిగినపుడు అది లోపల ఊగి నలుగును. స్మృతి తప్పిననే అది తలదెబ్బయని మనవారి తలంపు. అది పొరపాటు. ఈ గాయము తిన్నవారిలో పెక్కుమంది స్మృతి తప్పరు. తలనొప్పి, తలత్రిప్పుట, వాంతి, వెలుతురును చూడలేకుండుట, అడిగిన ప్రశ్నకు తడబడుట, స్కోరెంతయో మఱచుట, ఊరకనే విసుగుకొనుట అనునవి దీని గుఱుతులు. ఆ మెదడు కోలుకొనకమునుపే రెండవ దెబ్బ తగిలినచో, అది స్వల్పమైనదైనను, మెదడు వాచి ప్రాణము పోవచ్చును. చిన్న వయసువారికి ఈ ప్రమాదము హెచ్చు. 2022 అక్టోబరులో ఆంస్టర్‌డాం నగరమున సమావేశమై ప్రపంచ వైద్యనిపుణులు ఏకాభిప్రాయముతో చెప్పినది మన శిక్షకులందఱు కంఠస్థము చేయవలెను. అనుమానము కలిగిన క్షణమే బరినుండి తప్పింపవలెను. ఆ దినమున మఱల దింపరాదు. ఒకటి రెండు దినములు తేలికపాటి విశ్రాంతి యిచ్చి, తరువాత మెట్టుమెట్టుగ సాధన పెంచవలెను. వైద్యుడు సరేయనిన పిమ్మటనే ఎదుటివానితో తలపడనీయవలెను. పిల్లవాడు ముందు బడికి, తరువాత బరికి పోవలెను. తలదెబ్బతో నేలకొరిగినవానిని కనీసము 30 దినములు బరిలోనికి రానీయరాదను నియమము బాక్సింగులో చాలకాలముగ కలదు. మన సందులలోని పోటీలలో ఉదయము తలకు తన్నుతిన్న పిల్లవాడు మధ్యాహ్నము సెమీఫైనలునకు దిగుట లేదని గుండెమీద చేయివేసికొని చెప్పగలవారెందఱు?

హెడ్‌గార్డు కలదుగదా యని కొందఱందురు. హెడ్‌గార్డు ముఖమున కోతలను, పుఱ్ఱెపై గాట్లను తగ్గించును. లోపల మెదడు ఊగుటను ఆపజాలదు. దానిని పెట్టుకొనవలసినదే, దానిని నమ్మి తలనొడ్డరాదు. ఇచట ఆటనియమమే ఒక చిక్కు తెచ్చిపెట్టుచున్నది. 2024 పారిస్ ఒలింపిక్సునాటి టైక్వాండో నియమములలో పిడికిలిదెబ్బకు 1 పాయింటు, దేహముపై తన్నునకు 2, తలపై తన్నునకు 3, తిరిగి తలపై తన్నినచో 5. తలయే అన్నిటికంటె విలువగల గుఱియని నియమము చెప్పుచున్నపుడు పిల్లవాడు దేనికి గుఱిపెట్టును? పెద్దల పోటీకి ఆ నియమము తగునేమో ఆ విద్యాపెద్దలు తేల్చుకొందురుగాక. పదేండ్లవారికి తల నిషిద్ధమని మన పట్టణములలోని సంఘములు తమంత తాము నిర్ణయించుకొనినచో ఆక్షేపించువాడెవడు?

గాయమువలెనే దాగియుండు మఱియొక కీడు బరువు తగ్గించుట. పోటీలు బరువులవారీగ జరుగును. తక్కువ బరువు తరగతిలో దిగిన గెలుపు సులభమను ఆశతో పోటీకి ముందు రెండు దినములు అన్నము మాని, నీరు మాని, ఎండలో స్వెట్టరు తొడిగి పరుగెత్తు అలవాటు ప్రబలుచున్నది. 1997లో అమెరికాదేశమున కొలది వారములలోనే ముగ్గురు కళాశాల కుస్తీ విద్యార్థులు ఇట్లే నీరు మాని, ఆవిరికి చెమటోడ్చి మరణించిరి. పిమ్మట అచటి సంఘము నియమములను మార్చినది. 2024 ఆగస్టులో పారిస్‌నగరమున మన వినేశ్ ఫోగాట్ ఒలింపిక్సు ఫైనలునకు చేరియు 100 గ్రాముల బరువు హెచ్చినందున అనర్హురాలయ్యెను. రాత్రంతయు ఆమె పడిన శ్రమయు, తుదకు నీరు చాలక ఆసుపత్రి చేరుటయు దేశమంతయు చూచినది. ఆమె వెంట వైద్యులుండిరి. మే నెల ఎండలో అనంతపురపు మైదానమున నీరు మానిన పండ్రెండేండ్ల పిల్లవాని వెంట ఎవరుందురు? ఎదుగు పిల్లలకు బరువు తగ్గించుట శిక్షణ కాదు, హింస.

లెక్క వ్రాసినంత మాత్రమున ఏమగునని అడుగువారికి జపాను కథ చెప్పుదుము. జూడో పుట్టినిల్లు అది. అచటి పాఠశాలలలో జూడో నేర్చుకొనుచు పిల్లలు మరణించుచుండిరి. ఒక్కొక్క మరణమును ఒక్కొక్క ఊరు విధివ్రాతయని ఏడ్చి ఊరకుండెను. నగోయా విశ్వవిద్యాలయ ఆచార్యుడు రియో ఉచిదా అన్ని కాగితములను ఒక్కచోట చేర్చి కూడిక వేసెను. 1983 మొదలు 2011 వఱకు పాఠశాలలలో జూడోవలన మరణించినవారు 118 మంది! పెక్కు మరణములకు కారణము తలదెబ్బ. చనిపోయినవారిలో క్రొత్తగ చేరిన మొదటి సంవత్సరపు పిల్లలే హెచ్చు. వెల్లకిల పడవేయు పట్టునందు తల వెనుకభాగము నేలకు తగులుట ముఖ్యమైన తీరు. ఇవి కూడినపిమ్మటనే కనబడినవి. కనబడగానే ఉపాయమును తోచినది. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులు సంఘముగ ఏర్పడిరి. శిక్షకులకు తలదెబ్బను గూర్చి బోధించిరి. పడుట నేర్వని పిల్లవానిపై ఆ పట్టు వేయరాదని చెప్పిరి. మరణములు మిక్కిలి తగ్గిపోయెను. 2022లో జపాను జూడో సమాఖ్య ఇంకొక అడుగు వేసి, చిన్నపిల్లల జాతీయ వ్యక్తిగత పోటీనే రద్దుచేసినది. గెలుపు పిచ్చి ముదిరి పసివారి బరువు తగ్గించుటయు, పెద్దలు బరిప్రక్కన కేకలువేయుటయు చూడజాలకనే అట్లు చేసినది. జూడోను ప్రపంచమునకిచ్చిన దేశమే ఇట్లు తన తప్పును ఒప్పుకొనగలిగినపుడు, నేర్చుకొన్న మనకు సిగ్గెందుకు?

దూరదేశపు మాట యెందుకు? హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరముననున్న బెంగుళూరులో 2022 జూలైలో ఒక కిక్‌బాక్సింగు పోటీలో యువకుడొకడు ముఖముపై దెబ్బ తిని నేలకూలి, ఆసుపత్రిలో ప్రాణములు విడిచెను. అచట తగిన వైద్యుల ఏర్పాటు లేదని ఆతని బంధువులు వాపోయిరి. పోలీసులు కేసు పెట్టిరి. అంతటి మహానగరమున, అడుగడుగున ఆసుపత్రులున్న చోట, ఇది జరిగినది. మన పోటీలెక్కడ జరుగుచున్నవి? పలుమారు కల్యాణమండపములలో, నాపరాళ్ళ నేలపై పలుచని మ్యాట్లు పఱచి, అంచులలో రాయి బయటపడుచుండగా జరుగుచున్నవి. ఒక్క దినములో వందల పిల్లలను ముగింపవలెనని మూడు బరులొక్కసారి నడుపుదురు. భోజనముల ఏర్పాటుండును, మైకుండును, అతిథుల కుర్చీలుండును, శాలువలుండును. డాక్టరు ఏడియని అడిగిన ఒక పిల్లవాడు ఐసు ముక్కల సంచి చూపును.

దీనికి మూడు ఆక్షేపణలు వచ్చునని మేమెఱుగుదుము. గాయముల మాట బయటికి పొక్కిన తల్లిదండ్రులు పిల్లలను మాన్పింతురనియు, అందు ముందుగ మానునది ఆడపిల్లయేయనియు శిక్షకులు భయపడుదురు. ఈ భయమున న్యాయము లేకపోలేదు. కాని గాయమును దాచిన శిక్షణశాలపై నమ్మకము ఒక్క దుర్ఘటనతో కూలును. చెప్పి జాగ్రత్తపడు శిక్షణశాలపై నమ్మకము ఏటేట పెరుగును. బిడ్డ దెబ్బతిన్నదని సాయంకాలమే ఫోను చేసి చెప్పిన గురువును ఏ తల్లియు మానుకొనదు. రెండవ ఆక్షేపణ ధనము. నెలకు వచ్చు స్వల్పపు రుసుములతో అద్దెయే కట్టలేకున్నాము, డాక్టరునెక్కడ తెత్తుమందురు. నిజమే. మా కోరికలలో మొదటిది ఒక నోటుపుస్తకము. దాని వెల ఒక పట్టీ వెలకంటె తక్కువ. పోటీలకు వచ్చు ప్రవేశరుసుములో, శాలువల ఖర్చులో కొంత భాగము వైద్యునకు కేటాయించుట అసాధ్యము కాదు. మూడవ ఆక్షేపణ గట్టిది: ఓర్పు నేర్పుటకే గదా ఈ విద్య, చిన్ననొప్పికే కూర్చుండబెట్టిన వీరుడెట్లగునని. ఓర్పు గొప్పగుణము. కందిన కాలిని ఓర్చుకొని మఱునాడు సాధనకు వచ్చుట ఓర్పు. తలత్రిప్పుచున్న బిడ్డను గురువు భయమున నోరెత్తకుండ చేయుట ఓర్పు కాదు. ఆ రెంటికిగల భేదము తెలిసినవాడే గురువు.

చికిత్స విషయమునను ఒక మాట చెప్పవలెను. రాయలసీమలో ఎముక విఱిగిన వెంటనే అందఱకు తోచునది పుత్తూరు కట్టు. తరతరములుగ వేలమందికి ఊఱట కలిగించిన ఆ కట్టును మేము నిందింపము. కాని ఎముక ముక్కలైనదో, కీలు తొలగినదో, నరము నలిగినదో ఎక్స్‌రే తీసి వైద్యుడు చూచిన పిమ్మటనే ఏ కట్టైనను. మోకాలి లోపలి బంధము తెగినపుడు ఎక్స్‌రేలోను కానరాదు. వాపు తగ్గి నడక వచ్చినంతనే బాగైనదని మఱల ఆటకు దింపుదురు, మోకాలు మఱల జాఱును, లోపలి మృదులాస్థి చినుగును. తలదెబ్బకు కట్టులేదు, నూనె లేదు, మంత్రము లేదు. హిందూపురమున ప్రభుత్వ ఆసుపత్రి కలదు, ధర్మవరమున కలదు, ధర్మవరమునకు చేరువనే బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి సంస్థవారి ఆసుపత్రి కలదు, మెదడు గాయములకు బెంగుళూరు నిమ్హాన్స్ కలదు. 108 బండి 2005 నుండి పిలిచిన పలుకుచున్నది. సాధనములు లేక కాదు. గుఱుతింపక, గుఱుతించియు చెప్పక కాలము దాటుచున్నది.

ఈ ఆలస్యపు వెల ఎవరు చెల్లింతురో ఆలోచింపుడు. ధర్మవరమున మగ్గము నేయు ఇంట పిల్లవాని చేతివ్రేళ్ళే ఆస్తి. వంగని వ్రేలితో పోగు ముడివేయలేడు. కర్మాగారమున నిలుచుండి పనిచేయవలసినవానికి మోకాలే జీవనాధారము. పొలమునకు పోవు బాలికకు భుజమే బలము. క్రీడల కోటాలో చదువు సీటో ఉద్యోగమో దొరకునను ఆశతోనే పెక్కుమంది బీదతల్లిదండ్రులు పస్తులుండి రుసుము కట్టుచున్నారు. ఆ సర్టిఫికెట్టు చేతికి వచ్చునప్పటికి ఆ చేయి పనికిరానిదైనచో ఎవరికి మొఱపెట్టుకొందురు? ధనికుని బిడ్డకు గాయమైన శస్త్రచికిత్స; బీదవాని బిడ్డకు గాయమైన జీవితాంతము కుంటితనము.

గాయమును ఒప్పుకొని ఓపికతో మాన్పుకొన్నవారు ఓడిపోరనుటకు మన తెలుగుబిడ్డయే సాక్షి. నిజామాబాదు నిఖత్ జరీన్ 2017లో భుజము గాయపడి దాదాపు సంవత్సరకాలము బరికి దూరమయ్యెను. శస్త్రచికిత్స చేయించుకొని, కట్టువిప్పిన చేతితో మొదటినుండి సాధన ప్రారంభించి, 2022లో ఇస్తాంబులులోను, 2023లో ఢిల్లీలోను ప్రపంచవిజేతగ నిలిచెను. ఆ సంవత్సరకాలపు విశ్రాంతి ఆమె కీర్తికి లోటు కాలేదు, పునాదియైనది.

కావున మేము కోరునవి స్పష్టముగ చెప్పుచున్నాము. మొదటిది: ప్రతి శిక్షణశాలలో గాయముల పుస్తకము. దినము, వయస్సు, ఏ భాగమునకు, ఏ పట్టువలన, ఎన్ని దినములు విశ్రాంతి అను అయిదు గడులు చాలును. పిల్లల పేర్లు బయటపెట్టనక్కఱలేదు. రెండవది: వైద్యుడును, బండియు, కనీసపు మందమైన మ్యాట్లును లేని చోట పోటీకి పురపాలకసంఘములును, విద్యాశాఖవారును స్థలమీయకుండుట. 2022లో శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడినపిమ్మట అధికారులు మనకు చేరువైనారు; ఈ చిన్న షరతు వ్రాయుటకు వారికి పెద్ద శ్రమ లేదు. మూడవది: రిఫరీ మాటకంటె వైద్యుని మాటయే పైమాటగ సాగుట, డాక్టరు వలదన్న పిల్లవానిని గురువుగాని తండ్రిగాని దింపరాదు. నాల్గవది: పిల్లలకు బరువు తగ్గించుట నిషేధము, తలపై దెబ్బ నిషేధము. అయిదవది: శిక్షకులందఱకు సంవత్సరమున కొకమాఱైనను ప్రభుత్వ వైద్యులచే ప్రథమచికిత్స బోధ. మూడు పట్టణముల శిక్షకులు ఏడాదికొకమాఱు ఒక్కచోట కూడి ఆ పుస్తకములను కలిపి చూచుకొనినచో, జపానులో ఒక ఆచార్యుడు చేసిన పనిని మనవారే చేసికొనగలరు.

తల్లిదండ్రులకును ఒక మనవి. సాధననుండి వచ్చిన బిడ్డను గెలిచితివాయని అడుగుటకు ముందు, నొప్పియున్నదాయని అడుగుడు. నొప్పి చెప్పిన బిడ్డను పిఱికియనకుడు. పఠనాలయములలో ఈ పత్రికను చదువు సోదరులు పైన చెప్పిన తలదెబ్బ గుఱుతులను ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి గోడకు అంటింతురని ఆశించుచున్నాము. చదువురాని తండ్రికి చదివి వినిపించువారు అచట ఎప్పుడును ఉందురు.

ఇంతవఱకు ఇతరులను అన్నాము. ఇందు పత్రికలవారమైన మేమును దోషులమే. పతకముల పట్టికను వచ్చినది వచ్చినట్లు అచ్చువేసి, బరిలో డాక్టరున్నాడాయని ఏనాడును అడుగలేదు. ఇకమీదట ఏ పోటీ వార్త మా యొద్దకు వచ్చినను, గెలిచినవారి పేర్లతోపాటు అచట వైద్యుడుండెనా లేదా, గాయపడినవారెందఱు అను రెండు సంగతులను అడిగి ప్రకటింతుము. పంపనివారి వార్త కొంత ఆలస్యమైనను మాపై కోపగింపవలదు. మన బిడ్డలు బలవంతులు కావలెను, ధీరులు కావలెను. ఆ బలము ముప్పదియేండ్ల తరువాతను వారి చేతులలో, కాళ్ళలో, తలలో నిలిచియుండవలెను. రాబోవు పోటీనాటికి మూడు పట్టణములలోను ఆ పుస్తకపు మొదటిపుట తెఱవబడుగాక. ఆ పుటలో వ్రాయవలసినది ఏటేట తగ్గుగాక.